తపసు మాను దగ్గర తకరారు

ఆ పొద్దున కొత్తమిట్ట జనమంతా ధర్మరాజుల గుడి ముందుకు ఉరికారు. కొందరి నోట్లో వేపపుల్ల ఉంది, కొందరికి సగం గీసిన గడ్డం ఉంది, ఒకాయన చేతిలో పాలు పితుకుతున్న చెంబు కూడా ఉంది. అందరూ అడిగేది ఒకటే.

"తపసు ఏంటికి మానుకున్నారు?"

గుడి పెద్ద గోవిందయ్యకు తలా తోకా అర్థం కాలేదు. ఆయన అప్పుడే మైకులో నాలుగు మాటలు చెప్పి వచ్చి కాఫీ గ్లాసు పట్టుకున్నాడు.

"ఏందప్పా, ఊరికి ఒక మాట చెప్పకుండా మానుకుంటే ఎట్ల? నా కోడలు ఉపాసముండాది" అని తిరుమలమ్మ చెయ్యి తిప్పుతూ మీదికొచ్చింది. పక్కన ఆమె కోడలు పూజిత తల వంచుకుని నిలబడింది.

"ఎవరు మానుకున్నారమ్మా? సాయంత్రం తపసు మానుకు ఊరంతా రండి అంటి. అదో, ఆ పాతిన మాను కాడికి!"

"తపసు మానుకున్నారంటండీ అని నీ గొంతే కదా చెప్పింది!"

"అది నా గొంతు కాదు, వీడి గొట్టం!"

గోవిందయ్య వేలు మైకుసెట్టు మురుగేష్ మీదకు తిరిగింది. వేపకొమ్మకు కట్టిన గొట్టం మధ్యలో ఒకసారి గొంతు సవరించుకుని, పెద్దాయన మాటల్ని నమిలి, ఊరి మీద ఉమ్మింది. అంతే జరిగింది.

"చిన్న తకరారు పెద్దయ్యా. వైరుకూ వైరుకూ వైరం వచ్చినాది. రాజీ చేసేస్తా" అన్నాడు మురుగేష్.

"నువ్వు మైకు కాడ ఉండావా, మైకంలో ఉండావా?"

జనం నవ్వారు. మురుగేష్ కూడా నవ్వాడు. గోవిందయ్య మాత్రం నవ్వలేదు. "ఇదో, అందరూ ఇనండి. ఈ సాయంత్రం గూడా వీడి మైకు తకరారు చేసిందా, వచ్చే ఏడు పుత్తూరు డీజే వాళ్ళే. కొత్తమిట్ట గడప వీడు తొక్కేదానికి లేదు."

దాంతో మురుగేష్ నవ్వు సగంలో తెగింది. పాకాల చుట్టుపక్కల పల్లెలన్నీ ఎండాకాలం భారతం జరిపిస్తాయి. పగలు హరికథ, రాత్రి నాటకం. కొత్తమిట్టలో ఎవడి గొట్టం మోగితే మిగతా పల్లెల్లోనూ వాడి గొట్టమే. ఇక్కడ కాదంటే అక్కడా కాదంటారు. నాయన చేతి నుంచి వచ్చిన పని అది, నగరిలో ఇల్లు నడిచేది ఆ మోత మీదే.

తకరారు అనే మాట ఆ తట్టు ఉప్పులాంటిది, పడని కూర లేదు. మోటారు దగ్గి దగ్గి నీళ్ళు పోస్తే తకరారు. బండి కిక్కు కొట్టినా కిక్కురుమనకపోతే తకరారు. గట్టు దగ్గర ఎదురైన అన్నదమ్ములు పలకరించుకోకపోతే అదీ తకరారే. కోర్టు కాగితాల్లో దానికి తగాదా అని అర్థం రాసుకుంటారేమో గానీ, మురుగేష్ నిఘంటువు వేరు. "చెడిపోయేది వేరు, తకరారు వేరప్పా" అనేవాడు ఎవరు దొరికినా పట్టుకుని. "చెడిపోయినది పని చెయ్యదు. తకరారు ఉండేది చేస్తాది, అయితే మన చేత బతిమాలించుకుని చేస్తాది. మొదటిది అంగడికి పోవల్ల. రెండోదానికి వీపు మీద ఒక తట్టు తట్టితే సాలు. ఆ లెక్కన నా పెండ్లాం దృష్టిలో నేను తకరారే, చెడిపోయినోణ్ణి కాదు."

ఈ వ్యాఖ్యానంలో ఒక ముక్క మాత్రం ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. నాయన తన గుండె నొప్పిని కూడా చిన్న తకరారనే అన్నాడు. అని, వీపు తట్టించుకుని, సోడా తాగి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ మాటలో పెద్ద భయాన్ని చిన్న డబ్బాలో పెట్టి మూత వేసే గుణం ఉంది. మూత వేశాక లోపల ఏముందో ఎవరూ చూడరు.

*

ఎండ వాలాక, గుడి వెనక తడికె చాటున ఆదిమూలం అర్జునుడు అవుతున్నాడు.

మామూలు దినాల్లో ఆయన పాకాల సంతలో బెల్లం దిమ్మెలు తూచే మనిషి. అరవైకి దగ్గరపడిన ఒళ్ళు. ముఖానికి రంగు పడి, భుజకీర్తులు కట్టాడంటే మాత్రం, ఆయన నడిచి వస్తుంటే పిల్లలు దారి ఇచ్చేస్తారు. తపసు మాను ఎక్కేది ఏటేటా ఆయనే. గుడి ముందు తాటిచెట్టంత మాను పాతి, మెట్లకు చెక్కలు కొట్టి, కొసన మంచె కడతారు. అర్జునుడు శివుణ్ణి తలుచుకుంటూ మెట్టుకొక పద్యం పాడుకుంటూ ఎక్కుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. దాన్నే వరపడటం అంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కొంగులో పడితే వాళ్ళ కడుపు పండుతుందని నమ్మకం.

మురుగేష్ ఆయన గుండెల మీద చిన్న మైకు తగిలిస్తూ, "బుస కొట్టద్దు అన్నా, మైకులో పడతాది" అన్నాడు.

"నా ఊపిరి గూడా నీ చేతిలోనేనా రా?"

"నీ ఊపిరి నా చెవిలో. చేతిలో ఉండేది ఊరి చెవులు."

ఆదిమూలం నవ్వుతూ ముక్కాలిపీట మీద నుంచి లేచాడు. లేచినవాడు అట్లాగే పక్కకు తూలి తడికె పట్టుకున్నాడు. తడికంతా ఊగింది. రంగు కింద చెమటలు కాలువ కట్టాయి.

"ఏందన్నా?"

"ఏం లేదు. చిన్న తకరారు." కళ్ళు మూసుకునే చెప్పాడు. "ఎడమ చెవిలో నీ గొట్టం మాదిరే కుయ్యిమంటాది. అప్పుడు నేల ఒక పక్కకు ఒరుగుతాది. కాసేపుంటే సర్దుకుంటాది."

మురుగేష్ చేతిలో వైరు వదిలేసి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎన్నాళ్ళనుంచి?"

"మామిడి పూతప్పట్నించి. భారతం అయినాక తిరుపతిలో సూపించుకుంటాలే."

"నేల మీద నిలబడలేనోడివి మాను ఎట్ల ఎక్కతావు? ఎక్కేది మాను అన్నా."

"పొద్దున నీ గొట్టమూ అదే కదరా చెప్పింది."

"ఎగతాళి కాదు. ఇంకెవర్నన్నా ఎక్కమను."

"కంకణం కట్టుకున్నోడే ఎక్కల్ల. కట్టుకునింది నేను." ఆదిమూలం తడికె వదిలి, గొంతు తగ్గించాడు. "ఈసారి గీతాంజలి వరపడతా ఉండాది."

గీతాంజలి ఆయనకు ఒక్కగానొక్క కూతురు. చిత్తూరులో జాకెట్లు కుట్టే అంగడి పెట్టుకుంది. ఇన్నేళ్ళూ వరపడమంటే నాకొద్దు నాయనా అనేది. ఎక్కని ఆసుపత్రి మెట్టు లేక, ఈ ఏడు తనంతట తనే వచ్చింది.

"ఊళ్ళో ఆడబిడ్డలందరికీ నిమ్మకాయలిచ్చిన చెయ్యి అబ్బా ఇది. నా బిడ్డ కొంగు పట్టి నిలబడినప్పుడు నేను తడికె పట్టుకుని నిలబడేదా?"

"పద్యం మధ్యలో తెగితే?"

ఆదిమూలం భుజకీర్తులు బిగించుకున్నాడు. కొత్తమిట్టలో అదొక కట్టుబాటు. పద్యానికీ పద్యానికీ నడుమ ఎంతసేపు ఊపిరి పీల్చుకున్నా పరవాలేదు. ఎత్తుకున్న పద్యం మాత్రం మధ్యలో తెగకూడదు. తెగితే ఆ ఏటి వరం తెగినట్టే. వెనకటికి ఒక వేషగాడు దగ్గు వచ్చి పద్యం ఆపితే ఆడవాళ్ళు తడిబట్టలతోనే లేచి ఇళ్ళకు పోయారట. ఆయన మళ్ళీ ముఖానికి రంగు పూసుకోలేదట. మైకు పోతే తప్పు లేదు. దేవుడికి మైకు అక్కర్లేదు కదా. మైకు పోతే తప్పు పట్టరు, మైకువాణ్ణి పట్టుకుంటారు.

"ఎవరికీ చెప్పద్దు" అని మురుగేష్ చెయ్యి నొక్కి, అర్జునుడు బయటికి నడిచాడు.

*

ఆడవాళ్ళు పడుకున్నారు. మానుకు అందరికన్నా దగ్గరగా గీతాంజలి, ఆమె పక్కన తిరుమలమ్మ కోడలు పూజిత. తల ఎత్తకూడదు, మాట్లాడకూడదు. తడి చీరల కింద మట్టి నల్లబడింది.

షామియానా కింద బల్ల మీద మీటల పెట్టె. దాని ముందు మురుగేష్. చెవులకు హెడ్‌ఫోను. ఊరంతా పద్యం వింటోంది. ఆయన ఒక్కడూ పద్యం వెనకున్నది కూడా వింటున్నాడు. గజ్జెల చప్పుడు, చెక్క కిర్రుమనడం, గుండెల్లోంచి పైకి లాగే ఊపిరి. ఆదిమూలం గొంతు బాగానే ఉంది. జనం ఈలలు వేస్తున్నారు. మురుగేష్ మాత్రం మెట్లు లెక్కపెడుతున్నాడు.

సగం దాటాడు. పద్యం ఎత్తుకున్నాడు. రాగం మధ్యలో సన్నబడింది, దారం పీలికలు పడి చివరి పోగు మీద నిలబడినట్టు. హెడ్‌ఫోనులో చిన్నగా "అమ్మా" అని వినబడింది.

ఆ మాట ఊరికి వినబడలేదు. మురుగేష్ వేలు అంతకన్నా ముందే పెద్ద మీటను కిందికి లాగేసింది.

గొట్టాలు చచ్చిపోయాయి, హెడ్‌ఫోను మాత్రం బతికే ఉంది. ఊరికి తెలిసింది రాగం, ఆ తరవాత నిశ్శబ్దం, అంతే.

"మైకూ! రేయ్ మైకూ!"

"తకరారు! చిన్న తకరారు! ఇప్పుడే, ఇప్పుడే!" మురుగేష్ అరుస్తూ, ఫ్యాను వైరొకటి చేతిలోకి తీసుకుని, ఊడబీకి, నోటితో కొరికి, మళ్ళీ చుట్టాడు. నాటకమంటే మాను మీదే ఉండాలా, బల్ల దగ్గర కూడా ఉంటుంది. ఒక చెయ్యి అబద్ధం ఆడుతోంది. రెండో చెయ్యి హెడ్‌ఫోనును చెవికి అదుముకుని ఉంది.

"మురుగేశా..." చెవిలో గుసగుస. "ఇంటా ఉండావా? పద్యం తెగిపాయ రా."

వింటున్నాడు. చెప్పడానికి దారి లేదు. ఆ తీగలో మాట పైనుంచి కిందికే వస్తుంది.

"నేల యాడుండాదో తెలీలేదు. రంగు రంగుగా తిరగతా ఉండాది. ఉండావా రా?"

మురుగేష్ కాలి దగ్గర స్విచ్చుల చెక్క ఉంది. మాను పొడుగునా చుట్టిన రంగు బల్బులను ఒకసారి ఆర్పి వెలిగించాడు.

"ఆ... ఉండావు. ఆ రంగు బలుబులు ఆర్పెయ్, అవే తిరగతా ఉండాయి. మంచె కాడ తెల్లది ఒకటే పెట్టు. దాన్నే సూస్తా ఉంటా."

రంగులన్నీ ఆరిపోయాయి. మసక వెలుతురులో మాను కొసన ఒక్క తెల్ల బల్బు నిలబడింది. ఆదిమూలం నడుముకున్న పట్టు కండువా విప్పి, తననూ మానునూ కలిపి చుట్టుకోవడం కిందికి కనిపించింది.

"సూడండి, సూడండి. మైకు పోయినా ఆయన తపసు పోలేదు" అని తిరుమలమ్మ చేతులు జోడించింది.

గోవిందయ్య మాత్రం చేతులు జోడించలేదు. వచ్చి మురుగేష్ చొక్కా పట్టుకున్నాడు. "పొద్దున చెప్తి కదరా! బలుబులు గూడా పాయ! నీ తకరారుకు ఊరి ఆడబిడ్డలే దొరికినారా?" వెనక నుంచి ఎవరిదో చెప్పు వచ్చి మీటల పెట్టెకు తగిలింది. ఇంకెవరో వీపు మీద రెండు గుద్దారు.

"కొట్టు పెద్దయ్యా, ఎంతయినా కొట్టు. చెవి మీద మాత్రం కొట్టద్దు."

"ఏంటికి? చెవిలో ఏం బంగారముండాదా?"

చెవిలో ఒక ముసలి మనిషి ఊపిరి ఉంది. పీలుస్తోంది, ఆగుతోంది. ఆగినప్పుడల్లా మురుగేష్ ఊపిరి కూడా ఆగుతోంది. మీట తన చేతిలోనే ఉంది. పైకి తోస్తే ఊరికి నిజం తెలుస్తుంది, నిచ్చెనలు వస్తాయి, మనిషి బతుకుతాడు, వరం పోతుంది. తొయ్యకపోతే? ఆయన పడితే కింద పడుకున్నవాళ్ళ మీదే పడతాడు. కూతురి మీదే పడతాడు. వేలు మీట మీద చెమటకు జారుతోంది. ఇంకొక్క ఊపిరి చూద్దాం అనుకున్నాడు. ఇంకొక్కటి.

అప్పుడు గీతాంజలి తల ఎత్తింది. ఎత్తకూడదు, ఎత్తింది. నాయన వైపు చూసింది. ఆ తరవాత మురుగేష్ వైపు చూసింది. గుద్దులు పడుతున్నా రెండు చేతులతో హెడ్‌ఫోనును పట్టుకున్న మనిషిని, బల్ల మీద ఊరికే పడి ఉన్న ఫ్యాను వైరును చూసింది. పని చెయ్యని మైకును ఎవరైనా అంత గట్టిగా వింటారా? ఆమె పెదవులు కదిలాయి. మళ్ళీ నుదురు మట్టికి ఆనించింది.

"తగ్గినాది రా." హెడ్‌ఫోనులో గొంతు. "ఆ కుయ్యి ఆగినాది. తెగిన కాడ్నించే ఎత్తుకుంటా."

మీట పైకి లేచింది. పద్యం ఊరి మీదకు వచ్చి పడింది. "వచ్చెరా!" అని జనం చప్పట్లు కొట్టారు. గోవిందయ్య చొక్కా వదిలేశాడు గానీ చూపు వదల్లేదు.

ఆదిమూలం కండువా కట్టు విప్పుకుని, తెల్ల బల్బు నుంచి కళ్ళు తిప్పకుండా మిగిలిన మెట్లు ఎక్కాడు. మంచె మీద కూర్చుని కర్పూరం వెలిగించాడు. ఆడవాళ్ళు లేచి కొంగులు పట్టారు. నిమ్మకాయలు, పూలు, విభూతి పైనుంచి రాలాయి. గీతాంజలి కొంగు పట్టడం మరిచిపోయి నాయన కాళ్ళనే చూస్తోంది. నిమ్మకాయ ఆమె భుజానికి తగిలి దొర్లింది. వంగి ఏరుకుంది, చూపు మాత్రం పైనే ఉంచింది.

దిగడం ఎక్కడం కన్నా నిదానంగా జరిగింది. ఆయన పాదం నేల మీద పడగానే గీతాంజలి వెళ్ళి పట్టుకుంది. ఆమె తడి చీరకు అర్జునుడి రంగంతా అంటుకుంది.

*

గోవిందయ్య చేతి మైకు అందుకున్నాడు. "అందరూ ఇనండి. ఈ మురుగేష్ సెట్టుకు ఇదే కడసారి. వచ్చే ఏడు..."

"ఇట్ల ఇయ్యి పెద్దయ్యా" అని ఆదిమూలం చెయ్యి చాపాడు.

మురుగేష్ దూరం నుంచే తల అడ్డంగా ఊపాడు. వద్దన్నా అన్నట్టు. కొంగుల్లో నిమ్మకాయలు పెట్టుకున్న ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. నాలుగు పల్లెలు పోతే పోనీ, ఆ కొంగులు ఖాళీ కాకూడదు. వేలు మళ్ళీ మీట మీదకు వెళ్ళింది. ఇంకొక తకరారు రావడానికి ఒక వేలు చాలు.

ఆ వేలి మీద తడి చెయ్యి ఒకటి పడింది. గీతాంజలి.

"ఉండనీ చిన్నాయనా. మా నాయన గొంతు ఎన్నిసార్లని దాచిపెడతావు?"

గొట్టాల్లోంచి ఆదిమూలం మాట స్పష్టంగా వచ్చింది.

"అమ్మా, అయ్యా. మైకుకు ఏ తకరారూ లేదు. తకరారు నాది. ఎడమ చెవిలో జబ్బుండాది. తల తిరిగింది. పద్యం తెగింది. తెగింది మీకు ఇనబడకూడదని వాడే మైకు ఆపేసినాడు. నేను పడకుండా బలుబు పెట్టి నిలబెట్టింది గూడా వాడే. నాకు పడాల్సిన దెబ్బలు మీరు వాడికి వేసినారు." ఊపిరి పీల్చుకున్నాడు. "వచ్చే ఏడు నుంచి మాను ఎక్కేది మానుకున్నా. పొద్దున తప్పుగా ఇన్నారు, ఇప్పుడు సరిగ్గా ఇనండి."

ఒక్కరు కూడా నవ్వలేదు. తిరుమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోవిందయ్య తన చేతిని తనే చూసుకున్నాడు, చొక్కా పట్టిన చేతిని.

పూజిత ముందుకు వచ్చింది. పొద్దుట్నుంచీ మాట్లాడని మనిషి. "పెదనాయనా, తిరిగి పాడినప్పుడు మొదట్నించి ఎత్తుకున్నావా, తెగిన కాడ్నించి ఎత్తుకున్నావా?"

"తెగిన కాడ్నించే అమ్మా."

ఆమె చేతిలోని నిమ్మకాయను ఒకసారి తిప్పి చూసింది. "అయితే అది తెగినట్టు కాదు. తకరారే" అని కొంగు కొసన ముడి వేసుకుంది. అత్త వైపు చూడలేదు.

ఆమె ముడి చూసి ఇంకొందరు ముడి వేసుకున్నారు. అందరూ కాదు. వెనకున్న ఒకామె వచ్చి, తన నిమ్మకాయను హారతి పళ్ళెంలో పెట్టి, చీర అంచు పిండుకుంటూ చీకట్లోకి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు.

"తెల్లారి మొదటి బస్సుకే తిరుపతికి పోతాం నాయనా" అంది గీతాంజలి.

"దీనికి తిరుపతి దాకా ఏంటికి, చిన్న తకరా..."

"నాయనా!"

ఆదిమూలం మాట మింగేశాడు. అప్పుడే గోవిందయ్య వచ్చి బల్ల దగ్గర కింద పడి ఉన్న చెప్పును కాలితో పక్కకు నెట్టి, మురుగేష్ నలిగిన చొక్కాను సర్దాడు. ఆదిమూలం గుండెల మీది మైకు ఇంకా తియ్యలేదు. మురుగేష్ మీట దించలేదు. ఆదిమూలం ఊపిరి పీలుస్తూ, ఆగుతూ, మళ్ళీ పీలుస్తూ ఊరంతటికీ వినబడుతూనే ఉంది.